చిన్న యాంప్లిఫయర్‌కు తగిన స్పీకర్: తూర్పు కనుమల నుంచి ఒక పరిశీలన

వాట్లు ఎక్కువైతే శబ్దం ఎక్కువ వస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. శబ్ద సాంకేతికత చరిత్ర ఈ మాటను సగమే ఒప్పుకుంటుంది. మిగతా సగం స్పీకరుది.

అరకులోయ థింసా నృత్యంలో వాడే జోడుకొమ్ములను గమనించండి. ఊదేవారి శ్వాస చిన్నదే. కానీ కొమ్ము క్రమంగా వెడల్పవుతూ ఆ శక్తిని బయటి గాలికి వృథా కాకుండా అందిస్తుంది. తొలి టాకీ హాళ్లలోని హారన్ స్పీకర్లూ ఇదే పని చేశాయి. అందుకే ఇప్పుడు చిన్నవనిపించే యాంప్లిఫయర్లతోనే హాలంతా వినిపించేది. రైస్, కెల్లాగ్ 1925లో వివరించిన కాగితపు కోను స్పీకరు ఇళ్లకు అనువైనదే గాని, సాధారణంగా తనకు అందిన విద్యుత్తులో ఒక శాతం అటూ ఇటుగానే ధ్వనిగా మారుస్తుంది. తక్కినదంతా వేడి!

ఇక విద్యుత్తు సంగతి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. తీగలు కొండ దిగి మైదానపు పట్టణాలకు చేరాయి. నీరు ఇచ్చిన కొండల్లోని గూడేలు చాలావాటికి మాత్రం దశాబ్దాల తరబడి కరెంటు లేదు. 1963లో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాక కూడా, కరెంటు లేని గూడెంలో దాన్ని వినాలంటే సంతలో కొన్న బ్యాటరీలే ఆధారం. ట్రాన్సిస్టర్ రేడియో ఈ పరిస్థితికి సరిపోయింది. దాని చివరి దశలో రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా పనిచేస్తాయి కనుక శబ్దం తగ్గిస్తే కరెంటు వాడకమూ తగ్గుతుంది. ఒక వాటుకు లోపు శక్తితో, తేలికైన కోనుతో, అది వాకిట్లో కూర్చున్న నలుగురికి వినిపించేది. బాస్ ఉండదు నిజమే. కానీ వార్తలకు బాస్ ఎందుకు?

కరెంటుకు కొదవ లేనిచోట చరిత్ర మరో దారి పట్టింది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చూర్ చిన్న మూసిన పెట్టెలో లోతైన బాస్ తెచ్చాడు. అందుకు మూల్యం సెన్సిటివిటీ: పెట్టె చిన్నదై, బాస్ లోతుగా ఉండాలంటే స్పీకరు ఎక్కువ శక్తి కోరుతుంది. 1958 నాటికి స్టీరియో రికార్డులు మార్కెట్లోకి వచ్చాయి. ఇంట్లో ఒకటికి బదులు రెండు పెట్టెలు పెట్టాలి కాబట్టి చిన్నవాటికే గిరాకీ పెరిగింది. ఆ లోటును పూడ్చింది పెద్ద యాంప్లిఫయర్లే.

ఈ వారసత్వమే నేడు మీ చేతికి వస్తుంది. సోలార్ బ్యాటరీతో నడిచే అయిదు వాట్ల యాంప్లిఫయరును ఇంటి స్టీరియో స్పీకర్లకు కలపాలనుకోండి. ముందు స్పీకరు వెనుక పట్టీ లేదా దానితో వచ్చిన కాగితం చూడండి. ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని ఉంటుంది. 84 ఉన్న స్పీకరుకు పది వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 94 ఉన్నది ఒక్క వాటుతోనే ఇస్తుంది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. తర్వాత ఓమ్‌లు చూడండి: 8 ఓమ్‌లకు చేసిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరుకు 4 ఓమ్‌ల స్పీకరు పెడితే, అదే శబ్దస్థాయి అమరికలో దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది, యాంప్లిఫయర్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. రెండు స్పీకర్లను ఒకే ఛానెలుకు పక్కపక్కన సమాంతరంగా కలిపినా జరిగేది ఇదే.