నాలందలో పరదేశి విద్యార్థి

నాలందా మహావిహారమును గూర్చి ప్రసంగించునప్పుడు మనవారు వేలకొలది విద్యార్థులను, అంతస్తుల మేడలను, ఆచార్యుల పాండిత్యమును వర్ణించి సంతసింతురు. దూరదేశమునుండి వచ్చిన విద్యార్థి అచ్చట నెట్లు కుదురుకొనెను, ఏమి తినెను, ఎచ్చట తలదాచుకొనెను అను ప్రశ్న మాత్రము సాధారణముగా వేయరు. మా యభిప్రాయమున విద్యాపీఠముయొక్క ఘనతను తూచుటకు ఈ ప్రశ్నయే తగిన త్రాసు.

క్రీ. శ. 637 ప్రాంతమున హుయాన్‌త్సాంగు నాలందను జేరినప్పుడు గొప్ప మర్యాద జరిగెను. వృద్ధాచార్యుడగు శీలభద్రుడు ఆయనను శిష్యునిగా స్వీకరించెను. దినమునకు 120 జంబీరఫలములు, 20 పోకకాయలు, 20 జాజికాయలు, కొంత కర్పూరము, మహాశాలి యను మేలిజాతి బియ్యము ఆయనకు విహారమునుండి నియతముగా నందుచుండెను. కాని ఆయన అప్పటికే పేరుమోసిన పండితుడు. దారిలో రాజుల సత్కారము లందుకొని వచ్చినవాడు. అట్టివానికి జరిగిన యాతిథ్యమునుబట్టి సామాన్యవిద్యార్థి స్థితిని నిర్ణయింపరాదు.

ఆ స్థితిని మనకు తెలుపువాడు ఇత్సింగు. ఈ చీనాభిక్షువు 671లో కాంటన్ రేవున పారశీకుల యోడ నెక్కెను. కూడ వచ్చెదమన్న మిత్రులు వెనుదీయగా చిన్నశిష్యు డొకడు మాత్రము తోడయ్యెను. సుమత్రా ద్వీపమందలి శ్రీవిజయమును జేరి, యచ్చట ఆఱునెలలు నిలిచి శబ్దశాస్త్రము నభ్యసించెను. ఆ శిష్యుడును జబ్బుపడి స్వదేశమునకు మరలిపోయెను. ఇత్సింగు ఒంటరిగా సాగి 673లో తామ్రలిప్తి రేవున దిగెను. వెంటనే నాలందకు బయలుదేరక, అచ్చట తనకంటె ముందు స్థిరపడియున్న స్వదేశపు భిక్షువు మహాయానప్రదీపుని ఆశ్రయించి, సంస్కృతము నేర్చుకొనుచు ఇంచుమించు సంవత్సరకాలము గడపెను.

పిమ్మట మగధకు పోవుదారిలో ఆయన తీవ్రముగా జబ్బుపడి తోడివారికి వెనుకబడెను. దొంగలు కట్టుబట్టలతో సహా దోచుకొనిరి. తెల్లని మేనివారిని పట్టి బలియిత్తురని విన్నమాట జ్ఞప్తికి రాగా, ఒడలెల్ల బురద పూసికొని, ఆకులు కప్పుకొని, కఱ్ఱ యూతతో నడచి, రాత్రి రెండవజామున విడిదిని సమీపించెను. ఊరివెలుపల మహాయానప్రదీపుడు తనకొరకు బిగ్గరగా పిలుచుచున్న కేక వినవచ్చెను. ఆయన వస్త్రమిచ్చెను, ఇత్సింగు చెఱువులో స్నానముచేసి ఊరిలో నడుగిడెను. పరదేశమునకు వచ్చిన విద్యార్థికి గ్రంథములకంటె ముందుగా కావలసినవాడు ఇట్టి మనుష్యుడు.

నాలందలో ఇత్సింగు సుమారు పదేండ్లు చదివెను. భిక్షువుల నడవడినిగూర్చి 40 అధ్యాయముల గ్రంథము రచించి 692లో శ్రీవిజయమునుండి స్వదేశమునకు పంపెను. అందు పండ్లుతోము పుల్ల, స్నానవేళను తెలుపు ఘంట, భోజనమునకు ముందు కాళ్లుచేతులు కడుగుకొనుట, ఎంగిలి పాటింపు, కూర్చుండు పీట, నీటిగడియారము మొదలగువాని ప్రసక్తి విస్తారముగా గలదు. ఇవి చిన్నవిషయములని నవ్వరాదు. వ్యాకరణము తప్పినవానిని గురువు దిద్దును. ఆచారము తప్పినవానిని తోడివారు దూరముగా నుంచుదురు. అందుచేతనే కాబోలు, భారతదేశమునకు బోగోరు చీనాభిక్షువులు ముందుగా శ్రీవిజయమున ఒకటి రెండేండ్లుండి నియమముల నలవరచుకొనుట మేలని ఆయన హితవు చెప్పెను.

ఇక నివాసము. పూర్వమొక శ్రీగుప్తమహారాజు చీనాభిక్షువులకై ఆలయము కట్టించి, 20కి పైగా గ్రామములు దానమిచ్చెననియు, తన కాలమునకు అచ్చట ఇటుకల పునాది మాత్రమే మిగిలెననియు ఇత్సింగు వ్రాసెను. ఇతరదేశముల వారికి తమ తమ విహారములుండగా తనవారికి లేకపోవుట ఆయనను బాధించెను. ఈ కొఱతను సువర్ణద్వీపమువారు తమ మట్టుకు తీర్చుకొనిరి. 1921లో నాలంద త్రవ్వకములలో దొరకిన తామ్రశాసనమునుబట్టి, 9వ శతాబ్దమున సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుడు అచ్చట విహారము కట్టించెను. ఆయన కోరికపై పాలరాజగు దేవపాలుడు ఐదు గ్రామములు దానము చేసెను. భిక్షువుల కూడు గుడ్డలు, పడకలు, రోగులకు మందులు, గ్రంథములు వ్రాయించుట, శిథిలభాగములు బాగుచేయుట—ఆదాయము వీనికై వినియోగింపబడవలెనని శాసనము తెలుపుచున్నది. ఆతిథ్యము సద్భావముచేతనే నిలువదనియు, దానికి స్థిరమైన ఆదాయము కావలెననియు ఆ రాజు లెఱిగిరి.

పరదేశి యెల్లప్పుడు పుచ్చుకొనువాడే యని తలంపరాదు. హుయాన్‌త్సాంగు మన ధాన్యకటకమునకు వచ్చి, సుభూతి సూర్యు లను ఇరువురు భిక్షువులయొద్ద మహాసాంఘికుల అభిధర్మమును కొన్ని నెలలు చదివెను. ఆ యిరువురును ఆయనయొద్ద మహాయానశాస్త్రములు చదివిరి. గురుశిష్యభావము ఇరువైపుల నుండుటయే విద్యావినిమయము.

2010 నాటి చట్టముచే నెలకొనిన నూతన నాలందా విశ్వవిద్యాలయము 2014లో బోధన నారంభించినది. దానిని చూచి సంతసించుటకు ముందు మన యిండ్లను చూచుకొందము. పొలము తాకట్టుపెట్టి పిల్లలను దేశాంతరములకు పంపు తల్లిదండ్రులు రుసుమును, ఓడకు మారుగా వచ్చిన విమానపు ఖర్చును లెక్కింతురు; అచ్చటి భాష, వంట, చలి, ఇరుగుపొరుగు మర్యాద ముందుగా నేర్పుటకు ఆఱునెలలు కేటాయించువా రెందరు? మన నగరములకు చదువవచ్చిన పరదేశి అద్దెయింటికై తిరుగునప్పుడు, మేనిరంగు చూచి తలుపు మూయు గృహస్థునకు నాలంద పేరెత్తి గర్వించు అధికార మెక్కడిది? అతడు బురద పూసికొనక నిర్భయముగా మన వీధిలో నడచునట్లు చేయుట మన చేతిలోని పని.