ఒక్క ట్రిప్పు, ఒక్క ఊరు: చికాగోకే ఎందుకు వెళ్తున్నాను

ఈ ఎపిసోడ్ కొంచెం తేడాగా ఉంటుంది. ఎప్పుడూ ముందు చరిత్ర చెప్పి, తర్వాత ఊరు చూపిస్తాను కదా. ఈసారి ఊరు ఎంచుకోవడం కోసమే చరిత్ర తిరగేశాను.

విషయం ఏంటంటే, నాకు అమెరికా వీసా వచ్చింది. డల్లాస్‌లో అక్కావాళ్ళు ఉన్నారు, వాళ్ళింటికి వెళ్తున్నాను. అక్కడికి వెళ్ళాక ఇంకో ఊరు చూడ్డానికి నా దగ్గర మూడు రోజులు, మూడు రోజులకే సరిపడా డబ్బులు ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు వెళ్తానో, అసలు వెళ్తానో లేదో తెలీదు. అంటే ఒకే ఒక్క ఊరు.

మా ఇంట్లో దీని మీద వారం రోజులు పంచాయితీ నడిచింది. అమ్మ న్యూయార్క్ అంది. ఆ విగ్రహం ముందు ఫోటో లేకపోతే నువ్వు అమెరికా వెళ్ళావని ఎవరు నమ్ముతారు అని ఆవిడ పాయింటు. నాన్న నయాగరా అన్నారు. నాన్నా, అది జలపాతం, ఊరు కాదు అంటే, నీళ్ళు ఎక్కడుంటే అదే ఊరు అన్నారు. అక్క వాషింగ్టన్ అంది, స్మిత్సోనియన్ మ్యూజియంలకి టికెట్ లేదు కాబట్టి. బావ లాస్ వెగాస్ అన్నారు. అక్క ఒక చూపు చూసింది. ఆ తర్వాత బావ ఈ చర్చలో మళ్ళీ పాల్గొనలేదు.

నేను వేరే లెక్క పెట్టుకున్నాను. ఊరు అందంగా ఉందా లేదా అని కాదు. ఆ ఊళ్ళో జరిగింది మన ఇళ్ళదాకా ఏమైనా వచ్చిందా అని. ఈ లెక్కతో చూస్తే న్యూయార్క్, ఫిలడెల్ఫియా గొప్ప ఊళ్ళే గానీ వాటి గురించి నేను ఇక్కడ కూర్చుని కూడా చదవగలను. చివరికి రెండు మిగిలాయి: శాన్ ఫ్రాన్సిస్కో, చికాగో.

శాన్ ఫ్రాన్సిస్కో ఎందుకు? గదర్ పార్టీ. బ్రిటిష్ వాళ్ళని సాయుధంగా తరిమేయాలని 1913లో అమెరికా పడమటి తీరంలో పంజాబీ కూలీలు, రైతులు, కొందరు విద్యార్థులు కలిసి పెట్టుకున్న పార్టీ. దాని పత్రిక అచ్చయింది శాన్ ఫ్రాన్సిస్కోలోనే. అందులో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు, దర్శి చెంచయ్య. చదువుకోడానికని కాలిఫోర్నియా వెళ్ళి ఆ పార్టీలో చేరాడు, తర్వాత జైలు పాలయ్యాడు. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' దొరికితే చదవండి. గదర్ మెమోరియల్ హాలు ఇప్పటికీ ఉంది. నిజం చెప్పాలంటే దాదాపు దానికే టికెట్ బుక్ చేసేసేవాణ్ణి. చేయకపోవడానికి కారణం మా తాతయ్య. ఆయన దగ్గరికి వస్తాను. ముందు చికాగో అసలు ఎలాంటి ఊరో చూద్దాం.

చికాగో అనే పేరు అక్కడి మూలవాసుల భాష నుంచి వచ్చింది. అడవి వెల్లుల్లి అని అర్థం. ఏటి ఒడ్డున ఆ మొక్కలు గుబురుగా పెరిగేవట. అక్కడ స్థిరంగా ఇల్లు కట్టుకుని వ్యాపారం పెట్టిన మొదటి బయటివాడు పాయింట్ డు సాబుల్ అనే నల్లజాతీయుడు. ఆయన భార్య పొటవాటమీ తెగ అమ్మాయి. 1800లో ఇల్లూ వాకిలీ అమ్ముకుని వెళ్ళిపోయాడు.

మరి ఆ బురదలో ఊరెందుకు లేచింది? మ్యాప్ ఓపెన్ చేసి చూడండి. ఒక పక్క మిషిగన్ సరస్సు, దాని నుంచి తూర్పు సముద్రం దాకా దారి. ఇంకో పక్క మిసిసిపీలో కలిసే నదులు, అవి కిందికి న్యూ ఆర్లీన్స్ దాకా పోతాయి. ఈ రెండు నీటిదారుల మధ్య చిన్న మెరక. పూర్వం జనం పడవల్ని మోసుకుని దాన్ని దాటేవాళ్ళు. 1848లో అక్కడ కాలువ తవ్వారు. అదే ఏడు రైలు కూడా మొదలైంది. ఇక చూస్కోండి. 1837లో 4 వేల జనం ఉన్న ఊరు, 1870కి 3 లక్షలు, 1890కి 10 లక్షలు దాటింది.

బురద పోలేదు కదా, అందుకని ఊరినే పైకి లేపారు. జోక్ కాదు. 1850ల చివర్లో, 60ల్లో మురుగు కాలువలు వేయడానికి వీధుల మట్టం పెంచారు. మరి అప్పటికే కట్టేసిన భవనాలు? వాటి కింద వందల కొద్దీ జాకీలు పెట్టి, ఈల వేయగానే అందరూ ఒకేసారి తిప్పుతూ, అంగుళం అంగుళం లేపారు. హోటళ్ళని లోపల అతిథులు ఉండగానే లేపారు.

1871 అక్టోబర్‌లో అగ్నిప్రమాదం. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మందికి గూడు పోయింది. ఓలియరీ అనే ఐరిష్ ఆవిడ ఆవు లాంతరు తన్నడంవల్ల అంటుకుందని ప్రచారం చేశారు. మంట ఆవిడ కొట్టం వైపే మొదలైంది కానీ, ఆవు కథ నేనే అల్లానని ఒక విలేకరి తర్వాత ఒప్పుకున్నాడు. నగర కౌన్సిల్ ఆవిడకీ ఆవుకీ తప్పు లేదని తీర్మానం చేసింది ఎప్పుడో తెలుసా, 1997లో. ఆ స్థలంలో ఇప్పుడు ఫైర్ డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్ అకాడమీ ఉంది.

నది కథ ఇంకా విచిత్రం. ఊరి మురుగంతా నదిలోకి, నది వెళ్ళి సరస్సులోకి, తాగే నీళ్ళు అదే సరస్సు నుంచి. దాంతో 28 మైళ్ళ కాలువ తవ్వి 1900లో నదినే వెనక్కి తిప్పేశారు. మురుగు మిసిసిపీ వైపు వెళ్ళిపోయింది. కింద ఉన్న మిస్సోరీ రాష్ట్రం వాళ్ళు మా మీదికి వదులుతారా అని సుప్రీం కోర్టుకెక్కి 1906లో ఓడిపోయారు. నీళ్ళ పంచాయితీలు మనకి కొత్త కాదు కాబట్టి మీకు అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు తాతయ్య. మా తాతయ్య విజయవాడలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశారు. కంపోజిటర్ అంటే ఈ తరానికి తెలీకపోవచ్చు. సీసపు అక్షరాల్ని ఒక్కొక్కటీ గళ్ళ పెట్టెలోంచి తీసి, అద్దంలో కనిపించినట్టు తిరగేసి పేర్చేవాళ్ళు. తెలుగులో ఎన్ని ఒత్తులు, ఎన్ని గుణింతాలు! ఆ గళ్ళన్నీ ఆయన వేళ్ళకి గుర్తు. ప్రతి మే 1న యూనియన్ ఆఫీసు దగ్గర జెండా ఎగరేసి వచ్చి, నన్ను కూర్చోబెట్టుకుని చెప్పేవారు: ఏరా, ఈ ఎనిమిది గంటల పని ఊరికే రాలేదు, మే 1న చికాగోలో కార్మికుల మీద కాల్పులు జరిగాయి, వాళ్ళ చొక్కాలు రక్తంలో తడిసి ఎర్రజెండా పుట్టింది అని. నేను చిన్నప్పటినుంచి ఇదే విన్నాను. మీలో చాలామంది కూడా ఇదే విని ఉంటారు.

ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే తెలిసింది, జరిగింది అది కాదు.

ఎర్రజెండా అంతకంటే పాతది. 1848లోనే పారిస్ వీధుల్లో ఉంది, 1871 పారిస్ కమ్యూన్‌లో ఉంది. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం అమెరికా అంతటా లక్షల మంది సమ్మె చేశారు, నిజమే. కానీ ఆ రోజు చికాగోలో ఊరేగింపు ప్రశాంతంగా జరిగింది. కాల్పులు జరిగింది మే 3న, మెకార్మిక్ కోత యంత్రాల ఫ్యాక్టరీ దగ్గర. దానికి నిరసనగా మే 4 రాత్రి హేమార్కెట్ అనే చోట సభ పెట్టారు. మేయర్ కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి కాసేపు విని, అంతా ప్రశాంతంగానే ఉందని పోలీసు అధికారికి చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. వాన మొదలైంది, జనం పల్చబడ్డారు. పదిన్నర ప్రాంతంలో దాదాపు 175 మంది పోలీసులు వచ్చి సభ ఆపమన్నారు. ఎవరో బాంబు విసిరారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు మామూలు జనం చనిపోయారు.

బాంబు ఎవరు విసిరారు? ఇవాళ్టికీ తేలలేదు.

కానీ కేసు ఎనిమిది మంది అనార్కిస్టుల మీద పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. మీ మాటలు, మీ రాతలే ఎవడినో రెచ్చగొట్టాయి అనేది ప్రాసిక్యూషన్ వాదన. ఏడుగురికి ఉరి, ఒకరికి 15 ఏళ్ళ జైలు. వీళ్ళంతా గాంధేయవాదులు అని నేను చెప్పను. వాళ్ళ పత్రికల్లో డైనమైట్ గురించి రాతలున్నాయి, లూయిస్ లింగ్ అనే కుర్రాడు బాంబులు తయారు చేశాడు కూడా. కానీ ఆ రాత్రి ఆ బాంబు వీళ్ళలో ఫలానావాడు విసిరాడని ఎవరూ నిరూపించలేదు. ఆల్బర్ట్ పార్సన్స్ అయితే తప్పించుకుని పక్క రాష్ట్రంలో ఉన్నాడు, పోలీసులకి దొరకలేదు. విచారణ మొదలైన రోజు తనంతట తనే నడిచి వచ్చి కోర్టులో తోటివాళ్ళ పక్కన కూర్చున్నాడు. అక్కావాళ్ళుండే టెక్సాస్ నుంచి చికాగో వెళ్ళినవాడే. నా రూటే.

ఇంకొకడు అడాల్ఫ్ ఫిషర్. ఒక జర్మన్ కార్మిక పత్రికలో కంపోజిటర్. ఇది చదివినప్పుడు ఒక్క క్షణం ఆగిపోయాను. మే 4 సభ కరపత్రం అచ్చుకి ఇచ్చింది ఇతనే. అందులో ఆయుధాలతో రండి అనే ఒక లైను ఉంది. ఆ లైను ఉంటే నేను మాట్లాడను అని ఆగస్ట్ స్పైస్ పట్టుబట్టాడు. ఫిషర్ తీయించేశాడు. కానీ అప్పటికే కొన్ని వందల కాపీలు అచ్చయిపోయాయి. బాంబు పేలినప్పుడు ఫిషర్ సభలో కూడా లేడు, దగ్గర్లో ఉన్న ఇంకో హాల్లో ఉన్నాడు. 1887 నవంబర్ 11న పార్సన్స్, స్పైస్, ఎంగెల్‌లతో పాటు అతన్నీ ఉరి తీశారు. లింగ్ ముందు రోజే జైల్లో ప్రాణం తీసుకున్నాడు. మిగతా ఇద్దరి ఉరిని గవర్నర్ యావజ్జీవంగా మార్చాడు.

1889లో పారిస్‌లో సోషలిస్టుల మహాసభ మే 1ని ప్రపంచమంతా జరుపుకోవాలని తీర్మానించింది. 1923లో మద్రాసులో సింగారవేలు మన దేశంలో మొదటి మే డే జరిపారు. మద్రాసు అంటే అప్పుడు మన రాజధాని కూడా. అలా అది మా తాతయ్య దాకా వచ్చింది. అమెరికాలో మాత్రం కార్మిక దినం సెప్టెంబర్‌లో.

1893లో ఆల్ట్‌గెల్డ్ అనే గవర్నర్, మిగిలిన ముగ్గురినీ క్షమించి వదిలేశాడు. ఊరికే వదల్లేదు, ఆ విచారణ న్యాయంగా జరగలేదని కారణాలన్నీ రాసి మరీ వదిలాడు. పత్రికలు ఆయన్ని చీల్చి చెండాడాయి. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు.

ఆ 1893 చూడండి, ఎలాంటి ఏడాదో. జూన్‌లో ఈ క్షమాభిక్ష. అప్పుడే అదే ఊళ్ళో ప్రపంచ ప్రదర్శన నడుస్తోంది, 264 అడుగుల మొట్టమొదటి ఫెర్రిస్ వీల్ తిరుగుతోంది, మన తిరునాళ్ళలో రంగులరాట్నానికి పెద్దన్న. సెప్టెంబర్ 11న వివేకానందుడి ప్రసంగం. ఆయన ఆ ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, పడమటి దేశాలకు ఎందుకు వెళ్తున్నానో చెబుతూ మాట్లాడారు. అంటే చికాగో కంటే ముందు విన్నది మనవాళ్ళు. ఆయన మాట్లాడిన భవనమే ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఇక అక్టోబర్‌లో, ప్రదర్శన ముగియడానికి రెండు రోజుల ముందు, మళ్ళీ మేయర్ అయిన అదే కార్టర్ హారిసన్‌ని ఒకడు ఇంటికొచ్చి కాల్చి చంపాడు.

ఎత్తైన బిల్డింగుల గురించి ఇంకో ఎపిసోడ్ చేయాలి. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను: 110 అంతస్తుల సియర్స్ టవర్ నిలబడే పద్ధతి కనిపెట్టిన ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రెహమాన్ ఖాన్.

సరే. ఇదంతా చదివాక నాకో ఇబ్బంది వచ్చింది. తాతయ్యకి చెప్పాలా వద్దా? ఆయనకిప్పుడు 84. జీవితమంతా నమ్మిన కథలో రెండు ముక్కలు తప్పని మనవడు ఫోన్ పట్టుకుని చెప్పడం ఏం బాగుంటుంది? నాన్న వద్దన్నారు. కానీ ఇక్కడ మీ అందరికీ చెప్పి, ఇంట్లో ఆయన దగ్గర దాస్తే నాకే తప్పుగా అనిపించింది. చెప్పాను. మే 1న కాల్పులు జరగలేదు తాతయ్యా, జెండా అక్కడ పుట్టలేదు అని. ఫిషర్ సంగతీ చెప్పాను, కరపత్రం లైనుతో సహా.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మెషీను ఎక్కాక లైను తీసినా ఏం లాభంరా, పోయిన కాపీలు పోయినట్టే" అన్నారు. ఇంకాసేపు ఆగి, "ఆ కంపోజిటర్ సంగతైనా నిజమేనా?" అని అడిగారు.

"నిజమే తాతయ్యా."

"అయితే అక్కడికే వెళ్ళు."

టికెట్ బుక్ చేశాను. ఎయిర్‌పోర్టు కోడ్ ఓఆర్‌డీ అని ఉంటుంది, ఒకప్పుడు దాని పేరు ఆర్చర్డ్ ఫీల్డ్ కాబట్టి. అక్కడ బ్లూ లైన్ రైలెక్కితే ఊరి మధ్యలోంచి ఇంకో చివర ఫారెస్ట్ పార్క్ దాకా ఒకే రైలు. ఆ స్టేషన్ దగ్గర్లోని శ్మశానంలోనే ఆ నలుగురి సమాధి, 1893లో పెట్టిన స్మారకం ఉన్నాయి. తాతయ్య తన దగ్గర మిగిలిన సీసపు అక్షరాల్లోంచి ఒకటి తీసి ఇచ్చారు. ఏ అక్షరమో వచ్చాక చూపిస్తాను, ముందు సెక్యూరిటీ చెక్‌లో వాళ్ళకి చూపించాలి కదా. అమ్మకి మాత్రం విగ్రహం లేదని ఇంకా చెప్పలేదు.