ఆపితేనే ఆచూకీ తెలిసిన పంపు

రక్తనిధి ఫ్రిజ్‌లో 2 నుంచి 6 డిగ్రీల మధ్య దాచిన ఎర్రకణాల సంచి పైకి ఎలా పెట్టారో అలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం రోజులు గడిచేకొద్దీ కణాల్లోని పొటాషియం బయటి ద్రవంలోకి కారిపోతుంటుంది. సోడియం లోపలికి చేరుతుంటుంది. పసికందుకు ఎక్కువ రక్తం ఎక్కించాల్సి వస్తే వైద్యులు వీలైనంత తాజా సంచి కోసం చూసే కారణాల్లో ఇదొకటి.

ఇలా నిల్వ ఉన్న రక్తానికి 1941లో జె.ఇ. హారిస్ గ్లూకోజు అందించి, శరీరమంత వెచ్చగా ఉంచారు. కారిపోయిన పొటాషియం తిరిగి కణాల్లోకి వెళ్లింది. అదీ తక్కువ ఉన్నచోటి నుంచి ఎక్కువ ఉన్నచోటికి!

మన కణాల్లో చాలావాటి లోపల లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటే, బయట నాలుగో అయిదో ఉంటుంది. సోడియం లెక్క దీనికి తలకిందులు. పొర సోడియాన్ని అసలు రానివ్వదనే నమ్మకం చాలాకాలం రాజ్యమేలింది. రేడియోధార్మిక సోడియంతో చేసిన ప్రయోగాలు దాన్ని పడగొట్టాయి. అంటే చిల్లు పడవలో నీళ్లు తోడినట్టు, లోపలికి వచ్చిన సోడియాన్ని ఏదో ఎప్పటికప్పుడు బయట పారబోస్తూ ఉండాలి. కండరాల విషయంలో ఈ మాటను 1941లోనే ‘పంపు’ అనే పేరుతో అన్నవారు రాబర్ట్ డీన్. పేరైతే వచ్చింది గానీ, వస్తువు దొరకలేదు. దొరికే దారి మాత్రం చలిలో ఆగినది వెచ్చదనంలో మళ్లీ నడిచిన హారిస్ ప్రయోగంలోనే ఉంది: దాన్ని ఆపి చూడటం.

హాడ్జ్‌కిన్, కీన్స్ 1955లో అదే చేశారు. సముద్రజీవుల పెద్ద నాడీతంతువుల్లో శక్తి ఉత్పత్తిని సయనైడ్ వంటి విషాలతో దెబ్బతీస్తే సోడియం బయటికి పోవడం దాదాపు నిలిచిపోయింది. ఆ శక్తిని మోసుకొచ్చేది ఏటీపీ అనే అణువు. దాన్ని 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా గుర్తించారు. ఏటీపీ విరిగినప్పుడు వెలువడే ఫాస్ఫేట్‌ను రంగును బట్టి కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంతకు నాలుగేళ్ల ముందటిదే. ఆ తర్వాత దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలల్లో అది నిత్యం వాడుకలో ఉంది.

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో యెన్స్ స్కౌ వెతికింది పంపు కోసం కాదు. మత్తుమందులు నాడీపొరపై ఎలా పనిచేస్తాయన్నది ఆయన ప్రశ్న. తీరపు పీతల కాళ్ల నుంచి నాడులు తీసి, నూరి, అందులో ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమును పరీక్షించారు. మెగ్నీషియానికి తోడు సోడియం, పొటాషియం రెండూ కలిసి ఉన్నప్పుడే అది జోరుగా పనిచేసింది. 1957లో ఫలితాలు ప్రచురించినా, వ్యాసం పేరులో పంపు ఊసెత్తలేదు. అతి జాగ్రత్త అనిపిస్తుంది గానీ, చేతిలో ఉన్న ఆధారానికి అది తగినదే.

కావలసిన ఆధారం మరుసటి ఏడాది వియన్నాలో జరిగిన ఒక శాస్త్ర మహాసభలో ఎదురైంది. ఎర్రకణాల పంపుపై పరిశోధిస్తున్న రాబర్ట్ పోస్ట్ ఒక్కటే అడిగారు: మీ ఎంజైమును ఊబేన్ ఆపుతుందా? ఊబేన్ వంటి మొక్కల విషాలు ఎర్రకణాల్లో అయాన్ల రవాణాను ఆపుతాయని స్విట్జర్లాండ్‌లో షాట్స్‌మన్ 1953లోనే చూపారు. స్కౌ ఫోన్ చేసి తన ప్రయోగశాలలో పరీక్ష పెట్టించారు. ఆపింది. ఒక్కో ఏటీపీ ఖర్చుకు మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపే యంత్రం అదే. 1997లో స్కౌకు నోబెల్ వచ్చింది.

ఊబేన్‌కు దగ్గరి చుట్టాలు మన పెరళ్లలోనూ ఉన్నాయి. గన్నేరు, పచ్చగన్నేరు చెట్ల విషం గుండె లయను చెడగొట్టేది ఈ పంపునే పట్టుకుని. అదే కుటుంబానికి చెందిన డిజాక్సిన్ కొలతగా ఇస్తే మందు. పంపు కొంత మందగించి గుండెకండర కణంలో సోడియం పెరుగుతుంది. దాంతో కాల్షియం బయటికి పోవడం తగ్గి, కండరం గట్టిగా ముడుచుకుంటుంది. మందు మోతాదుకూ విషపు మోతాదుకూ ఎడం చాలా తక్కువ. పైగా పంపు మీద చోటు కోసం డిజాక్సిన్, పొటాషియం పోటీ పడతాయి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు కూడా వాడుతున్న రోగిలో పొటాషియం పడిపోతే, నిన్నటిదాకా సరిపోయిన మోతాదే వికటించవచ్చు. అలాంటివారికి వైద్యులు రక్తంలో పొటాషియం పరీక్ష తరచూ రాస్తారు.