రెండు కొండల నడుమ కట్ట

కంభం చెరువు కట్ట ఎక్కినవాళ్ళంతా ముందు నీళ్ళనే చూస్తారు. ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు మరి. నిండిన ఏడు చూపు తిప్పుకోవడం కష్టమే. నేను మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలను కట్ట చివరికి, కొండను ఆనుకునే చోటికి తీసుకుపోతాను. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఇక్కడ రెండు కొండల సందులోంచి పోయేది. ఆ సందుకు అడ్డంగా కట్ట వేశారు. మైళ్ళ కొద్దీ మన్ను పొయ్యలేదు, మిగతా పని కొండలే చేశాయి.

ఎవరు కట్టించారని అడిగితే మా పెద్దవాళ్ళు చెప్పే పేరు వరదరాజమ్మ. కళింగనేలిన గజపతి ప్రతాపరుద్రుడి కూతురు, కృష్ణదేవరాయల రాణి. 1513లో ఉదయగిరి ముట్టడితో రాయల కళింగ యుద్ధం మొదలైంది. 1515లో కొండవీడు పడింది. చివరికి సంధి, సంధితోపాటే పెళ్ళి. ఆ రాజకుమార్తెనే తుక్కాదేవి అనీ అంటారు. రాయలకు దూరమై కంభంలో ఒంటరిగా బతికిందని, తుక్కాపంచకంలోని ఐదు సంస్కృత శ్లోకాలు ఆమెవేనని కథ. వింటుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కానీ రాణి కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే, ఈ చోటు ఎంచిన కళ్ళకూ రాళ్ళు మోసిన చేతులకూ అన్యాయం చేసినట్టే.

చెరువు కట్టే ఆ విద్య ఎంతటిదో తెలియాలంటే పోరుమామిళ్ల పోవాలి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క రాసి ఉంది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు చెప్పారు: జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, దగ్గర్లో రాతిగని, పనితనమున్న మనుషులు... దోషాలు ఆరు. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ తాబేటి వీపులాంటి మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం. సరిహద్దును కూడా దోషాల్లో చేర్చారంటే, నీళ్ళ తగాదాలు వాళ్ళకెంత బాగా తెలుసో!

కృష్ణదేవరాయలకూ చెరువుల చింత ఉంది. చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్ను తగ్గించమని ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు.

ఇప్పుడు మా చెరువును ఆ పన్నెండింటితో సరిచూడండి. బ్రిటిషు కాలపు ఇంపీరియల్ గెజిటీర్ లెక్కలో కట్ట ఎత్తు 57 అడుగులు, వాన నీరు దిగివచ్చే ప్రాంతం 430 చదరపు మైళ్ళు, ఆయకట్టు 10,300 ఎకరాలు. కొండల నడుమ కట్ట, నల్లమల నీరు, దిగువన సాగునేల. శాసనం అడిగినవి ఇక్కడ కళ్ళెదుటే కనిపిస్తాయి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ కంభం చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు పోరుమామిళ్లకూ ఆ గౌరవం దక్కింది. ఆ పన్నెండు గుణాలు, ఆరు దోషాలు తేట తెలుగులో ఒక రాతిమీద చెక్కించి మా కట్ట మీద నిలబెట్టమని పెద్దలకు ఊరివాడిగా నా విన్నపం.