భిలాయిలో దేవుడు లేని నాలుగు తేదీలు

మా భిలాయిలో ఏడాది పొడుగునా ఏదో ఒక ఉత్సవం జరుగుతూనే ఉంటుంది. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ, దానికి అటూ ఇటూగా వినాయకుడు, ఆ తరువాత దుర్గ పందిళ్లు, మన తెలుగువాళ్లకు బాలాజీ కల్యాణం. ప్రతిదానికీ ఒక చందా పుస్తకం ఇంటికి వస్తుంది. నేను హేతువాదిని కనుక పూజలకు చందా ఇవ్వను. అయితే పుస్తకం పట్టుకొచ్చిన పిల్లల్ని తిట్టను కూడా. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపుతాను. ఒకసారి అలా వచ్చిన తెలుగు కుర్రాడు "మీకు అసలు పండుగలే లేవా అంకుల్?" అని అడిగాడు. హేళన కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఉన్నాయి నాయనా, ఈ చుట్టుపక్కలే నాలుగున్నాయి అన్నాను. జూన్ 2-3, జూలై 1, సెప్టెంబరు 28, డిసెంబరు 19. వాడికి ఒక్కటీ తెలియదు. వాడు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే! వాడిని అని ఏం లాభం? ఇక్కడే పెరిగిన నాకు మాత్రం యాభై దాటేదాకా ఏం తెలిసింది? అందుకే ఈ వ్యాసం.

రెండు ఖాతాల ఊరు

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి 1958లో ఇక్కడికొచ్చారు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి కర్మాగారం కడుతున్న రోజులవి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాన్నకు పర్మనెంటు ఉద్యోగం, సెక్టార్‌లో క్వార్టరు దొరికాయి. మాకు కంపెనీ బడి, కంపెనీ ఆసుపత్రి, నీళ్లు, కరెంటు, చెట్ల నీడన వెడల్పాటి రోడ్లు. నెహ్రూ కలగన్న భారతదేశం ఇదేనని మా మాస్టార్లు చెప్పేవారు. మేమూ నమ్మాం. అందులో అబద్ధం లేదు, కాకపోతే అది సగం లెక్క.

రెండో సగం ఇక్కడికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, దల్లీ-రాజహరలో ఉంది. భిలాయి ఫర్నేసులకు ఇనుప రాయి అక్కడి గనుల నుంచే వచ్చేది. రాయి కొట్టి లారీలకెత్తిన వాళ్లలో అత్యధికులు కాంట్రాక్టు కూలీలు, చాలావరకు చుట్టుపక్కల పల్లెల ఆదివాసులు, పేద రైతు కుటుంబాల ఆడవాళ్లు, మగవాళ్లు. ఎమర్జెన్సీ చివరి రోజుల్లో బోనస్ ఒప్పందం ఒకటి కుదిరింది. పర్మనెంటు కార్మికుడికి 308 రూపాయలు, కాంట్రాక్టు కూలీకి 70. ఇద్దరూ తవ్వింది అదే ఇనుము.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏడేళ్లు పనిచేసి రిటైరైన లెక్కలవాడిని. ఒకే పనికి రెండు రేట్లు కనబడితే ఎర్ర సిరాతో అభ్యంతరం రాయడం మా ఉద్యోగ ధర్మం. ఆ అభ్యంతరాన్ని అక్కడ రాసింది ఏ ఆడిటరూ కాదు, చదువురాని కూలీలు. ఉన్న యూనియన్లను వదిలేసి 1977 మార్చి 3న ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. నాయకత్వానికి శంకర్ గుహా నియోగిని పిలుచుకున్నారు. నియోగి ఒకప్పుడు భిలాయి కోక్ ఓవెన్‌లో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న బెంగాలీ. ఎమర్జెన్సీలో జైల్లో ఉండి అప్పుడే బయటికొచ్చాడు.

జూన్ 2-3: స్మారకం అంటే ఆసుపత్రి

కూలీలు అడిగినవి పెద్ద కోరికలు కావు. పని లేని రోజుకు కొంత కూలి, వానలు పడేలోపు గుడిసె బాగు చేసుకోవడానికి 100 రూపాయలు. 1977 జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని పట్టుకుపోయారు. కూలీలు అడ్డుపడ్డారు. ఆ రాత్రీ మర్నాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారిలో అనసూయాబాయి అనే కార్మికురాలు, సుదామా అనే కుర్రాడు ఉన్నారు. ఎమర్జెన్సీ ఎత్తేసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు!

చనిపోయినవాళ్లకు మనం ఏం చేస్తాం? మహా అయితే ఒక స్తూపం కడతాం, ఏడాదికోసారి దండ వేస్తాం. రాజహర కార్మికులు స్తూపంతో ఆగలేదు. వాళ్ల సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. మన ఆసుపత్రి మనమే కట్టుకుందాం అనుకున్నారు. ముందు 1982లో యూనియన్ ఆఫీసు దగ్గర చిన్న దవాఖానా పెట్టారు. సరిగ్గా ఆరేళ్లకు, 1983 జూన్ 3న, శహీద్ ఆసుపత్రి మొదలైంది. డబ్బు కార్మికుల చందా, పని కార్మికుల శ్రమదానం. విదేశీ నిధి లేదు, సేఠ్‌ల విరాళం లేదు. మంత్రిని పిలవలేదు, ఒక ముసలి గని కార్మికుడు, ఒక రైతు కలిసి ప్రారంభించారు. బినాయక్ సేన్, ఆశీష్ కుందు, శైబాల్ జానా, తరువాత పుణ్యవ్రత గుణ్ వంటి డాక్టర్లు అక్కడ పనిచేశారు.

హేతువాదులుగా మనం తెలుసుకోవలసింది ఇంకొకటుంది. ఆ డాక్టర్లు భూతవైద్యుడి మంత్రంతో పాటు, డాక్టరు అనవసరంగా పొడిచే సూదినీ, పనికిరాని టానిక్కునూ మూఢనమ్మకాల లెక్కలోనే వేశారు. విరేచనాలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు ఎందుకు పనిచేస్తాయో కార్మికులకు కారణంతో సహా చెప్పారు, చిన్న పుస్తకాలు వేశారు. తాయెత్తు వద్దని మనం ఉపన్యాసం ఇస్తాం. తాయెత్తు వదిలినవాడికి రాత్రి పన్నెండింటికి తలుపు తీసే ఆసుపత్రిని చూపించగలిగామా?

సారా సంగతి కూడా చెప్పాలి. పోరాటాలతో కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి పోతోందని ఆడవాళ్లు గమనించారు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఉద్యమం 1992లో వచ్చింది. అంతకు సుమారు పదేళ్ల ముందే రాజహరలో ఆడవాళ్లూ యూనియనూ కలిసి మద్యవ్యతిరేక ఉద్యమం నడిపారు. మనకు 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం చట్టంతో వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. రాజహరవాళ్లు చట్టం కోసం ఆగలేదు, తమ బస్తీల్లో తామే కాపలా పెట్టుకున్నారు. కూలి పెంచడం ఎంత యూనియన్ పనో, ఆ కూలి ఇంటికి చేరేలా చూడడం కూడా అంతే యూనియన్ పని అని వాళ్ల వాదన. ఆ యూనియన్‌కు 17 శాఖలుండేవి: చదువు, ఆరోగ్యం, పొదుపు, ఆటలు, మహిళలు, పర్యావరణం వగైరా. 'సంఘర్ష్, నిర్మాణ్' అన్నది వాళ్ల మాట. పోరాడాలి, దానితోపాటే కట్టాలి. 'మన అడవిని గుర్తుపడదాం' అంటూ చెట్ల పేర్లు నేర్పి, యూనియన్ ఆఫీసు వెనకే మొక్కలు పెంచారు. జెండాలో ఎరుపు కార్మికుడికి, ఆకుపచ్చ రైతుకి.

డిసెంబరు 19: దొరికిన చరిత్ర

1856 కరువులో సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్ ఒక వ్యాపారి ధాన్యం కొట్టు తెరిపించి ఆకలితో ఉన్నవాళ్లకు పంచాడు. 1857 డిసెంబరులో బ్రిటిష్‌వాళ్లు రాయపూర్‌లో అతన్ని చంపారు. మేం బడిలో చదివిన చరిత్రలో ఈ పేరు లేదు. 1979 నుంచి గని కార్మికులు అతని వర్ధంతి జరపడం మొదలుపెట్టారు. ఊరేగింపులు, 'నవా అంజోర్' బృందం పాటలు, నాటకాలు. ఇప్పుడు నవా రాయపూర్ క్రికెట్ స్టేడియానికి అతని పేరే. ప్రభుత్వం వర్ధంతిని డిసెంబరు 10న జరుపుతుంది, కార్మికులు 19న జరుపుతారు. తేదీ మాట ఎలా ఉన్నా, మరుగునపడ్డ మనిషిని జనంలోకి తెచ్చింది కూలీలే. పేరు స్టేడియానికెక్కింది గానీ ధాన్యం పంచిన సంగతి వెనక్కిపోయింది.

సెప్టెంబరు 28, జూలై 1

1990 నాటికి ఉద్యమం భిలాయికి వచ్చింది. ఉక్కు కర్మాగారం చుట్టూ ప్రైవేటు ఫ్యాక్టరీలున్నాయి కదా, అక్కడి కాంట్రాక్టు కార్మికులు అడిగింది బతకగలిగేంత జీతం, పర్మనెంటు, యూనియన్ పెట్టుకునే హక్కు. వేలమందిని పనిలోంచి తీసేశారు. 1991 సెప్టెంబరులో నియోగి ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి వినతిపత్రం ఇచ్చి వచ్చాడు. అదే నెల 28 తెల్లవారుజామున భిలాయి హడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. తనను చంపించవచ్చని అతను ముందే క్యాసెట్‌లో చెప్పి పెట్టాడు. శవాన్ని రాజహరకు తీసుకుపోయినప్పుడు జనం పోటెత్తారు. అంత కోపంలోనూ ప్రతీకార హింస జరగలేదు. శాంతి గురించి సభలు పెట్టేవాళ్లు ఈ ఒక్క రోజును చదివితే చాలు.

కేసు సంగతి. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు కాల్చినవాడికి మరణశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా ఐదుగురికి యావజ్జీవం వేసింది. 1998లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు కాల్చినవాడికి మాత్రం యావజ్జీవం ఖాయం చేసి, మిగతావారి విడుదలను సమర్థించింది. రుజువు కానిదాన్ని నిజమని రాయడం నా పద్ధతి కాదు. ఎవరి కోసం కాల్చాడన్న గడి మాత్రం ఖాళీగానే ఉంది.

చర్చలు తేలక, పనిలోకి తీసుకోక, 1992 జూలై 1న కార్మికులు కుటుంబాలతో సహా భిలాయి పవర్ హౌస్ స్టేషను దగ్గర పట్టాల మీద కూర్చున్నారు. హావ్‌డా-ముంబయి లైను అది. సాయంత్రం పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు చనిపోయారన్నది ఎక్కువగా కనబడే లెక్క, కొన్నిచోట్ల 17 అని ఉంది.

అప్పుడు నేను జబల్‌పూర్‌లో ఉన్నాను. నాకు ముప్పై రెండేళ్లు. అప్పటికే హేతువాదిని, బాబాల గుట్టు రట్టు చేసే సభలకు వెళ్లేవాణ్ణి. ఆఫీసులో పేపరు చూసి "రైళ్లాపితే కాల్చక పూలు చల్లుతారా?" అన్నాను. ఇంటికి వెళ్లడానికి నా టికెట్టు ఆ వారానికే ఉంది మరి! నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "మన సెక్టార్‌లో అందరం క్షేమం" అని రాశారు. చదివి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ 'మన' అన్న మాటలో ఎవరు లేరో అప్పుడు తట్టలేదు. దేవుణ్ణి ప్రశ్నించినవాణ్ణి, 308కీ 70కీ ఉన్న తేడాను ప్రశ్నించలేదు. ఎందుకంటే ఆ 308 మా ఇంటి బియ్యం.

ఈ ఏడు కట్టిందేమిటి?

రిటైరై 2020లో తిరిగొచ్చాక ఒక జూలై 1న మొదటిసారి స్టేషను దగ్గరికి వెళ్లాను. ఎర్ర-ఆకుపచ్చ జెండాలు, కొంతమంది ముసలివాళ్లు, వాళ్లకంటే తక్కువమంది కుర్రాళ్లు. పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ నా చొక్కా, చెప్పులు చూసి "టౌన్‌షిప్ నుంచా, బాబూజీ?" అని హిందీలో అడిగింది. అవునన్నాను. "మంచిది, వచ్చారు" అంది. అంతే. ముప్పై ఏళ్లు ఆలస్యం అని అనలేదు. అనుంటే నాకు తేలికయ్యేది.

అక్కడ నాకు నచ్చనివీ కనబడ్డాయి. నియోగి పోయాక ఉద్యమం చీలింది, అదే అమరుల పేర సభలు వేరువేరుగా జరుగుతాయి. ఫొటో ముందు అగరుబత్తులు వెలుగుతున్నాయి. అది చూసి నాకు భయం వేసింది. పది, ఇరవై ఏళ్లకు నియోగి కూడా కోరికలు తీర్చే బాబా అయిపోతాడా? బస్తీ మనుషులు ప్రేమతో వెలిగించిన అగరుబత్తిని నేను తప్పుపట్టను. కానీ వీళ్ల పాత లెక్కే వీళ్లకు కొలబద్ద: 1977 మరణాలకు జమ 1983 ఆసుపత్రి. 1992 మరణాలకు జమ ఏది?

ఏమీ లేదనడం అన్యాయం. శహీద్ ఆసుపత్రి నేటికీ నడుస్తోంది. కార్మికుల పక్షాన కోర్టుల్లో వాదించిన సుధా భరద్వాజ్ ఈ ఉద్యమంలోంచి ఎదిగిన న్యాయవాది. వాళ్లకు దక్కిన ప్రతిఫలం కూడా మన చరిత్రలో భాగమే. బినాయక్ సేన్ 2007లో అరెస్టయ్యాడు, శైబాల్ జానాను 1992 నాటి పాత కేసులో 2016లో పట్టుకున్నారు, సుధా భరద్వాజ్ 2018లో అరెస్టయి 2021 డిసెంబరులో బెయిలు మీద బయటికొచ్చింది.

మిత్రులారా, ఈ ప్రశ్న వాళ్లకు వేసి ఊరుకుంటే అది నా పాత బుద్ధే. మన హేతువాద సభల సంగతేమిటి? మనమూ జయంతులు, వర్ధంతులు చేస్తాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం, టీ తాగి ఇంటికెళతాం. దేవుడు లేని సభ అయినంత మాత్రాన అది తంతు కాకుండా పోదు. ఈ ఏడు ఏం కట్టాం అన్న గడి ఖాళీగా ఉంటే మనదీ పూజే, మంత్రాలు లేవు అంతే తేడా.

ఆ కుర్రాడు వినాయకచవితికి మళ్లీ చందా పుస్తకంతో వస్తాడు. ఈసారి మంచినీళ్లతో పాటు ఈ నాలుగు తేదీలూ కాగితం మీద రాసిస్తాను. నా చందా మాత్రం జూన్ 3న రాజహరకు వెళ్లి ఆసుపత్రిలో కట్టి, రసీదు తెచ్చుకున్నాను.