గ్రామఫోన్ నుంచి రంగస్థలం దాకా: టర్కీలో కవిత్వం చదివిన నటులు

1930లో కొలంబియా కంపెనీ ఇస్తాంబుల్ మార్కెట్లోకి ఒక గ్రామఫోన్ రికార్డు వదిలింది. అందులో ఉన్నవి పాటలు కావు, రెండు కవితలు: ‘సల్కిమ్ సొయుత్’, ‘బహ్రి హజెర్’. చదివింది రాసిన కవే. ఇంకా ముప్పై నిండని నాజిమ్ హిక్మెత్. మూడు వారాలు తిరక్కుండానే రికార్డులన్నీ అయిపోయాయి. కాఫీ దుకాణాల్లో, హోటళ్లలో వాటిని పదేపదే వేశారు. పుస్తకం కొనే అలవాటు లేనివాళ్ల చెవుల్లో కూడా వచన కవిత పడింది.

టర్కీలో కవిత్వాన్ని గొంతుతో పదిలపరిచే సంప్రదాయం అక్కడ మొదలైందని చెప్పుకోవచ్చు. మొదలుపెట్టింది కవి. నిలబెట్టింది మాత్రం నటులు. ముష్ఫిక్ కెంటర్, గెంజో ఎర్కాల్, తున్జెల్ కుర్తిజ్ వంటి రంగస్థల, సినీ నటులకు తెర మీద ఎంత పేరు వచ్చిందో, కవితలు చదివిన రికార్డుల వల్ల కూడా అంత పేరు వచ్చింది. ఇది గొంతు బాగుండటం వల్ల మాత్రమే జరిగింది కాదు. భాషలో, రాజకీయాల్లో, నాటక శిక్షణలో వచ్చిన మార్పులు కలిసి కవిత్వాన్ని నటుడి చేతికి ఇచ్చాయి.

ముందు భాష సంగతి. 1928 నవంబరులో టర్కీ అరబిక్ లిపిని వదిలి లాటిన్ లిపికి మారింది. అప్పటికే పాత దర్బారు కవిత్వం, దాని అరబ్బీ, పారసీ ఛందస్సు జనానికి దూరమవుతున్నాయి. మాస్కోలో చదువుకుని రష్యన్ కవి మయకోవ్‌స్కీ ధోరణి వంటబట్టించుకున్న నాజిమ్, 1929లో ‘835 సతిర్’ పుస్తకంతో పాదాలను మెట్లు మెట్లుగా విరిచి అచ్చువేశారు. ఒక పాదం చిన్నగా ఆగుతుంది, తర్వాతది పేజీ మధ్యలో మొదలవుతుంది. ఎక్కడ గుక్క తిప్పుకోవాలో, ఎక్కడ గొంతు పెంచాలో పేజీయే చెబుతుంది. అంటే అది కళ్లతో చదివి పక్కన పెట్టేసే రాత కాదు, నోటితో పలకాల్సిన రాత.

‘సల్కిమ్ సొయుత్’నే తీసుకుంటే విషయం తేటపడుతుంది. యుద్ధంలో ఒక రౌతు నేలకొరుగుతాడు. అతణ్ణి వదిలి దండు ముందుకు దౌడు తీస్తుంది. గుర్రాల గురించిన ఒకే పాదం మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చివర్న ఒక ముక్క తెగిపోయి, ఆఖరికి ఒక్క పొట్టి మాట మిగులుతుంది. గిట్టల చప్పుడు దూరమైపోవడాన్ని కవి మాటల్లో చెప్పి ఊరుకోడు. పాదం కురచ కావడంలో కూడా అది వినిపిస్తుంది. ఇలాంటి కవిత చేతికందితే నటుడు ఊరుకుంటాడా?

ఊరుకోని నటులను తయారుచేసే పని కూడా అప్పుడే మొదలైంది. ఆధునిక టర్కీ నాటకరంగానికి పునాది వేసిన ముహ్సిన్ ఎర్తుగ్రుల్ 1930ల్లో ఇపెక్ ఫిల్మ్ సంస్థకు సినిమాలు తీస్తుంటే, నాజిమ్ వాటికి కథలు, మాటలు రాశారు. డబ్బింగ్ పనులూ చూశారు. 1936లో అంకారాలో ప్రభుత్వ కన్సర్వేటరీ ఏర్పడింది. జర్మన్ దర్శకుడు కార్ల్ ఎబర్ట్ అక్కడ నాటక విభాగాన్ని తీర్చిదిద్దారు. స్పష్టమైన ఉచ్చారణ, ఊపిరి మీద అదుపు, వాచికం ఆ చదువులో ప్రధాన పాఠాలు. అక్కడ తయారైన గొంతులే రేడియో నాటికల్లో, డబ్బింగ్ స్టూడియోల్లో, కవితా పఠన సభల్లో తర్వాతి నలభై ఏళ్లూ వినిపించాయి. అయితే తొలినాళ్ల పఠనంలో సభను ఉద్దేశించి ప్రసంగిస్తున్న ధోరణి ఎక్కువ. జాతీయ దినోత్సవాల్లో వీరావేశంతో చదవడమే గొప్పగా చదవడం అనుకునేవారు.

ఇక రాజకీయం. 1938లో సైనిక విద్యార్థుల దగ్గర తన పుస్తకాలు దొరికాయన్న కారణం మీద సైన్యాన్ని రెచ్చగొట్టారని నాజిమ్‌పై అభియోగం మోపారు. 28 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. పన్నెండేళ్లు జైళ్లలో గడిపి, దేశదేశాల రచయితల ఉద్యమం తర్వాత 1950లో విడుదలయ్యారు. మరుసటి ఏడాది నల్ల సముద్రం మీదుగా దేశం విడిచి వెళ్లారు. 1951 జులైలో ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 1936లో వచ్చిన ‘షేక్ బెద్రెద్దీన్’ కావ్యం తర్వాత ఆయన బతికుండగా టర్కీలో ఇంకో పుస్తకం వెలువడలేదు. 1963లో మాస్కోలో కన్నుమూశారు. మళ్లీ అచ్చులోకి రావడం 1965 ప్రాంతంలోనే. ఆ నడిమి కాలంలో ఆయన కవితలు చేతిరాత కాగితాల మీద, మనుషుల జ్ఞాపకంలో తిరిగాయి. అచ్చు లేనప్పుడు కవితను కంఠతా పట్టినవాడే దానికి పుస్తకం.

నాజిమ్ జైల్లో ఉండగానే కవిత్వం ఇంకో దారి పట్టింది. 1941లో ఓర్హాన్ వెలీ, ఓక్తాయ్ రిఫాత్, మెలిహ్ జెవ్‌దెత్ అందాయ్ కలిసి ‘గరీప్’ సంకలనం తెచ్చారు. ఛందస్సు వద్దు, అలంకారాలు వద్దు, వీధిలో మనిషి మాట్లాడే మాట చాలు అన్నారు. ఓర్హాన్ వెలీ 1950 నవంబరులో అంకారాలో మున్సిపాలిటీ తవ్వించిన గుంతలో పడ్డారు. నాలుగు రోజుల తర్వాత ఇస్తాంబుల్ ఆసుపత్రిలో మెదడులో రక్తస్రావంతో మరణించారు. వయసు 36. ఆయన కోటు జేబులో టూత్ బ్రష్‌కు చుట్టిన కాగితం మీద చివరి కవిత దొరికింది. ఇంత మామూలు మాటలతో రాసిన కవిని వీరావేశంతో చదివితే కవిత చచ్చిపోతుంది. దీనికి వేరే గొంతు కావాలి.

ఆ గొంతు ముష్ఫిక్ కెంటర్‌ది. 1932లో ఇస్తాంబుల్లో పుట్టారు. తండ్రి టర్కీ దౌత్యవేత్త, తల్లి ఇంగ్లీషు వనిత. అక్క యిల్దిజ్ కెంటర్ కూడా పేరున్న నటి. అంకారా కన్సర్వేటరీలో 1955లో చదువు ముగించి ప్రభుత్వ నాటకశాలలో చేరారు. కొన్నేళ్లకే అక్కతో కలిసి బయటికొచ్చి సొంత బృందం కట్టారు. సీట్లను ముందే ప్రేక్షకులకు అమ్మి డబ్బు పోగుచేసి, 1968లో ఇస్తాంబుల్ హర్బియె ప్రాంతంలో కెంటర్ థియేటర్ తెరిచారు. సినిమాలో ఆయన్ను గుర్తుంచుకునేది మెతిన్ ఎర్క్‌సాన్ తీసిన ‘సెవ్‌మెక్ జమానీ’ (1965)తో. అందులో ఆయన ఇళ్లకు రంగులు వేసే పనివాడు. గోడ మీది ఫొటోలో ఉన్న అమ్మాయిని ప్రేమిస్తాడు, ఆ అమ్మాయే ఎదురొచ్చి నిలబడితే తప్పుకుపోతాడు.

టర్కీలో సైనిక తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది, 1981లో, ‘బిర్ గరీప్ ఓర్హాన్ వెలీ’ రంగస్థలం ఎక్కింది. యువ రచయిత మురాత్‌హాన్ ముంగాన్ ఓర్హాన్ వెలీ కవితలను గుచ్చి ఒక మనిషి జీవితంలా అల్లారు. వేదిక మీద ముష్ఫిక్ కెంటర్ ఒక్కరే. ఆ ఏకపాత్ర నాటకాన్ని ఆయన ఏళ్ల తరబడి ఆడారు. ‘ఇస్తాంబుల్‌ను వింటున్నా’ అనే కవిత దగ్గర ఆయన పద్ధతి గమనించదగ్గది. ఆ కవితలో ఒకే వాక్యం ప్రతి చరణం మొదట్లోనూ, చివర్లోనూ వస్తుంది. కళ్లు మూసుకుని ఊరి చప్పుళ్లు వినడం గురించిన వాక్యం అది. గాలి, పక్షులు, బజారు, రేవుల సవ్వడి మధ్య అది తిరిగి తిరిగి వస్తుంది. అన్నిసార్లూ ఒకేలా చదివితే వినేవాడికి విసుగు పుడుతుంది. మార్చి మార్చి చదివితే నటన కనపడుతుంది. కెంటర్ గొంతు పెంచకుండా, పక్కన కూర్చున్న మనిషితో అంటున్నట్టు చదువుతారు. కవిత ఆఖరి పాదంలో మాత్రం కవి కళ్ల సంగతి వదిలేసి వినడం ఒక్కటే మిగులుస్తాడు. అక్కడ కెంటర్ కూడా ఏమీ కలపరు. ఆయన 2012 ఆగస్టులో మరణించారు. ఓర్హాన్ వెలీ ఆయన గొంతుతోనే చాలామంది టర్కులకు పరిచయం.

గెంజో ఎర్కాల్ దారి వేరు. 1938 మార్చిలో ఇస్తాంబుల్లో పుట్టిన ఆయన కన్సర్వేటరీ విద్యార్థి కాదు. రాబర్ట్ కాలేజీలో చదివి, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ చేశారు. 1965లో గొగోల్ ‘పిచ్చివాడి డైరీ’ని ఒంటరిగా ఆడి పేరు తెచ్చుకున్నారు. 1969లో దోస్త్‌లార్ నాటక బృందాన్ని స్థాపించారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాలు, రాజకీయ నాటకాలు ఆడే బృందం అది. నాజిమ్ పుస్తకాలు అచ్చులోకి వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. 1970ల మధ్యలో ఎర్కాల్ ఆయన కవితలను కూర్చి ‘కెరెమ్ గిబి’ ప్రదర్శన రూపొందించారు. అక్కణ్ణించి దాదాపు యాభై ఏళ్లు నాజిమ్‌ను విడిచిపెట్టలేదు.

ఎర్కాల్ పఠనంలో కొత్తదనం ఏమిటి? నాజిమ్ తన రికార్డులో ఊగుతూ, అలల మీద తేలుతున్నట్టు చదివారు. ఆ కాలపు సభావేదిక ఛాయ అందులో ఉంది. ఎర్కాల్ అదే కవితను వాదనలా, సాక్ష్యంలా, కబురులా మార్చగలరు. జైలు నుంచి భార్య పిరాయెకు రాసిన కవితల్లో గొంతు తగ్గించి ఇంటి మాటలా పలుకుతారు. నాజిమ్ రాసిన జాతీయ పోరాట కావ్యంలో పాత్రధారిలా మనిషి మనిషికీ గొంతు మార్చేస్తారు. నవ్వు రావాల్సిన చోట నవ్విస్తారు. బ్రెహ్ట్ నాటకాలు నేర్పిన క్రమశిక్షణ అది: భావంలో మునిగిపోకుండా, చెబుతున్న విషయం ప్రేక్షకుడికి చేరిందో లేదో ఓ కంట కనిపెడుతూ ఉండటం. 2010ల్లో నటి, గాయని తులాయ్ గునాల్‌తో కలిసి చేసిన ‘యషామాయా దాయిర్’ ప్రదర్శనలో కవిత, ఉత్తరం, పాట ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టుకొస్తాయి.

తెర మీద ఆయన పోషించిన పాత్రల్లో రెండు చెప్పుకోవాలి. అలీ ఓజ్‌గెన్‌తుర్క్ ‘ఆత్’ (1982)లో కొడుకును చదివించాలని ఇస్తాంబుల్ చేరిన తోపుడుబండి వ్యాపారి. ఎర్దెన్ కిరాల్ ‘హక్కారిలో ఒక కాలం’లో మంచు కొండల మధ్య కుర్దు పల్లెకు వచ్చిన టీచరు. ఆ రెండో సినిమా 1983లో బెర్లిన్ ఉత్సవంలో సిల్వర్ బేర్ గెలిచింది. సొంత దేశంలో మాత్రం కొన్నేళ్లు నిషేధంలో ఉంది.

2001లో పియానిస్టు ఫాజిల్ సాయ్ ‘నాజిమ్ ఒరటోరియో’ స్వరపరిచారు. పెద్ద ఆర్కెస్ట్రా, బృందగానం మధ్య కవితలు చదివే బాధ్యత ఎర్కాల్‌ది. అంకారాలో ఆ రచన తొలిసారి వినిపించినప్పుడు కవికి పౌరసత్వం ఇంకా తిరిగి రాలేదు. 2009 జనవరిలో గానీ ప్రభుత్వం దాన్ని పునరుద్ధరించలేదు. అంటే చట్టం ఒప్పుకోవడానికి ఎనిమిదేళ్ల ముందే కచేరీ హాలు ఒప్పుకుంది.

మూడో గొంతు తున్జెల్ కుర్తిజ్‌ది (1936–2013). దర్శకుడు యిల్మాజ్ గునెయ్‌తో ‘ఉముత్’లో, తర్వాత ‘సురు’లో నటించిన కుర్తిజ్ చాలా ఏళ్లు స్వీడన్, జర్మనీల్లో గడిపారు. 1986లో బెర్లిన్‌లో ఉత్తమ నటుడిగా సిల్వర్ బేర్ అందుకున్నారు. తెలుగు పాఠకులకు ఆయన్ను చూసే దారి ఒకటుంది: పీటర్ బ్రూక్ తీసిన ‘మహాభారతం’ (1989)లో శకుని ఆయనే. కవిత విషయానికొస్తే, నాజిమ్ ‘షేక్ బెద్రెద్దీన్’ కావ్యాన్ని ఆయన ఒక్కరే వేదికెక్కి వినిపించేవారు. పదిహేనో శతాబ్దపు తిరుగుబాటుదారుడి కథను పల్లె కథకుడి బరువైన గొంతుతో చెప్పేవారు. వయసు మళ్లాక 2009–2011 మధ్య ‘ఎజెల్’ టీవీ సీరియల్లో రమీజ్ దాయీ అనే ముసలి నేరసామ్రాజ్యాధిపతిగా కవితలు పలికేసరికి, నాజిమ్ పేరు వినని కుర్రవాళ్లు కూడా ఆ ముక్కలను యూట్యూబ్‌లో వెతికి విన్నారు.

అంతకు ముందే క్యాసెట్ వచ్చింది. ఇస్తాంబుల్ ఉన్‌కపానీలోని సంగీత వ్యాపార సముదాయం నుంచి 1990ల్లో కవితా క్యాసెట్లు కుప్పలుగా వెలువడ్డాయి. వెనకాల పియానోనో, వేణువునో నింపి, గొంతును వీలైనంత మందంగా చేసి చదవడం ఫ్యాషనైంది. ఆ మార్కెట్ ఎంత పెద్దదో చెప్పడానికి ఒక సంగతి చాలు. 1997 డిసెంబరులో సియిర్త్ సభలో ఒక కవిత చదివినందుకు ఇస్తాంబుల్ మేయర్ రెజెప్ తయ్యిప్ ఎర్దోగాన్‌కు జైలు శిక్ష పడింది. 1999లో జైలుకు వెళ్లే ముందు ఆయన కవితా పఠనాల క్యాసెట్ విడుదల చేశారు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. కాలం తిరిగింది. అధ్యక్షుడైన ఎర్దోగాన్‌ను ట్వీట్లలో అవమానించారన్న ఆరోపణ మీద 2021లో, ఎనభై దాటిన వయసులో, గెంజో ఎర్కాల్‌పై కేసు నమోదైంది.

కొత్త తరంలో యిల్మాజ్ ఎర్దోగాన్ తన కవితలను తనే చదివే నటుడిగా పేరు తెచ్చుకున్నారు. అధ్యక్షుడితో ఆయనకు బంధుత్వం లేదు. జోంగుల్దాక్ గనుల ఊళ్లో బతికి, క్షయతో చిన్నవయసులో పోయిన ఇద్దరు కవుల మీద ‘కెలెబెయిన్ రుయాసి’ (2013) సినిమా తీశారు. పాత తరం గెంజో ఎర్కాల్ మాత్రం లుకేమియాతో 2024 జులై 31న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ తొంభై ఏళ్ల నడకలో పఠనం సభ నుంచి గదిలోకి, ప్రసంగం నుంచి సంభాషణలోకి వచ్చింది. ఆ మార్పులో పెద్ద వాటా నటులదే. క్యాసెట్ల కాలపు సంగీతం, మందపు గొంతు చాలావరకు కాలానికి నిలవలేదు. నిలిచినవి కెంటర్ చదివిన ఓర్హాన్ వెలీ, ఎర్కాల్ చదివిన నాజిమ్. టర్కిష్ రాకపోయినా వినాలనుకునే పాఠకులు ముందు నాజిమ్ 1930 రికార్డు, తర్వాత కెంటర్, ఆపైన ఎర్కాల్ వినాలి. ఈ మూడూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి.