పాత జీపుల ఇంజన్లు: మరమ్మతు, సవరణ, మార్పిడి

కోరాపుట్ ఘాట్ దారులలోనూ, బళ్ళారి, రాయచూరు ప్రాంతాల నల్లరేగడి బాటలలోనూ, హోసూరు పరిసరాల కొండ గ్రామాలలోనూ నేటికీ పాత జీపులు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి చాసిస్ ఒక కాలానిది, ఇంజను మరొక కాలానిది. ఇంజను పాడైనప్పుడు యజమాని ముందు మూడు మార్గాలుంటాయి: ఉన్నదానిని బాగుచేయించుకోవడం, కొంత సవరించుకోవడం, వేరొకటి అమర్చుకోవడం. ఈ మూడింటి ఖర్చూ, ఫలితమూ, చట్టపరమైన పర్యవసానమూ వేరు వేరు. వాటిని ముందుగా తెలుసుకొనక షెడ్డుకు వెళ్ళినవారు తరువాత రవాణా కార్యాలయంలో చిక్కుపడిన సందర్భాలు సరిహద్దు జిల్లాలలో తక్కువ కావు.

ఇంజన్ల వంశక్రమం

రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో 2199 సీసీల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. దాని శక్తి దాదాపు 60 అశ్వశక్తి. ఇందులో వాల్వులన్నీ బ్లాకులోనే అమరి ఉంటాయి. తరువాత వచ్చిన ‘హరికేన్’ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వు హెడ్‌లోనికి మారింది, ఎగ్జాస్ట్ వాల్వు బ్లాకులోనే ఉండిపోయింది. సిలిండరు కొలతలు మారకుండానే శక్తి 70 అశ్వశక్తి దాటింది. ఇంజను ఎత్తు పెరిగినందున 1953లో వచ్చిన సీజే-3బి మోడలుకు బానెట్ ఎత్తు పెంచవలసి వచ్చింది. మన దేశంలో ‘పాత జీపు’ అనగానే గుర్తుకు వచ్చే ఎత్తైన ముఖానికి కారణమిదే.

విల్లీస్ కంపెనీతో ఒప్పందం చేసుకొని 1940ల చివర జీపుల కూర్పు చేపట్టిన మహీంద్రా సంస్థ కాలక్రమంలో డీజిల్ వైపు మళ్ళింది. మొదట ఇంటర్నేషనల్ ట్రాక్టరు కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజనూ, 1980లలో ప్యూజో పరిజ్ఞానంతో 2112 సీసీల ఎక్స్‌డీపీ ఇంజనూ, ఆ తరువాత 2523 సీసీల డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనూ వచ్చాయి. ఇవన్నీ ఒకే సంస్థ వాహనాలలో వాడబడినవి కనుక పాత పెట్రోలు జీపుకు మార్పిడి అనగానే మెకానిక్కుల దృష్టి మొదట వీటి మీదికే పోతుంది.

మొదట రోగనిర్ధారణ

ఇంజను దించడానికి ముందు కంప్రెషన్ పరీక్ష చేయించాలి. ఒక సిలిండరులో ఒత్తిడి తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మరల కొలవాలి. ఒత్తిడి పెరిగితే లోపం రింగులలోనో బోరులోనో ఉన్నట్లు. పెరగకుంటే వాల్వులను అనుమానించాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో ఒక్కసారే తగ్గితే వాటి నడుమ హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు.

పొగ రంగు కూడా సాక్ష్యమే. నీలి పొగ ఇంజనాయిలు కాలుతున్నదని చెబుతుంది. డీజిల్ ఇంజనులో నల్లపొగ గాలి చాలకపోవడాన్నో, ఇంధనం ఎక్కువగా పడడాన్నో తెలుపుతుంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రపరచి, నాజిల్స్ పరీక్ష చేయించిన పిమ్మటనే పంపు జోలికి పోవాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకుంటే నీరు సిలిండరులోనికి చేరుతున్నదేమో చూడాలి. పాత డీజిల్ జీపు దారిలో ఆగిపోవడానికి సామాన్య కారణం ఇంధన గొట్టాలలో గాలి చేరడం. బ్లీడింగ్ స్క్రూ వదులుచేసి, చేతి పంపుతో బుడగలు పోయేవరకు డీజిల్ వదిలితే సరిపోయే పనికి ఇంజను విప్పించుకున్నవారూ ఉన్నారు.

పూర్తి మరమ్మతు

బోరు అరిగినప్పుడు సిలిండర్లను పెద్దవి చేసి, తగిన ఓవర్ సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. ఈ పెంపు అంగుళంలో వెయ్యింట పది వంతులు, ఇరవై వంతులు, ముప్పై వంతుల క్రమంలో ఉంటుంది. గోడ మందం అనుమతించే హద్దు దాటితే స్లీవు వేయక తప్పదు. క్రాంక్ షాఫ్ట్ జర్నళ్ళు అరిగితే గ్రైండింగ్ చేయించి అండర్ సైజు బేరింగులు వేయాలి. ఇక్కడ జరిగే సామాన్యమైన పొరపాటు ఒకటే: బేరింగులు ముందు కొని, కొలత తరువాత తీయించడం. జర్నల్ కొలత చేతికి వచ్చిన తరువాతనే బేరింగు కొనాలి. సిలిండరుకు తగిన పిస్టన్ సంగతీ ఇంతే.

విల్లీస్ ఇంజన్ల ఫైరింగ్ క్రమం 1-3-4-2. డిస్ట్రిబ్యూటరు తీసి మరల అమర్చేటప్పుడు ఈ క్రమం తప్పితే ఎంత మంచి మరమ్మతయినా వృథా అనిపిస్తుంది.

మార్పిడిలో అసలు చిక్కులు

ఇంజను బానెట్ కింద పట్టినంత మాత్రాన మార్పిడి పూర్తి కాదు. చూడవలసినవి ఇవి:

1. గేరు పెట్టెతో కలయిక. కొత్త ఇంజను వెనుక ముఖమూ, పాత బెల్ హౌసింగూ కలవకుంటే నడుమ అడాప్టర్ ప్లేటు వేస్తారు. క్రాంకు కేంద్రమూ, గేరు షాఫ్ట్ కేంద్రమూ ఒకే గీతలో లేకపోతే పైలట్ బేరింగూ, క్లచ్చూ త్వరగా పాడవుతాయి. ప్లేటును కొలతల యంత్రాలున్న లేత్ షాపులోనే చేయించాలి.

2. బరువు. డీజిల్ ఇంజను సాధారణంగా బరువైనది. ముందు కమాను పట్టీలు కుంగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం వంగుతుంది. కమానులతో పాటు బ్రేకులనూ పరీక్షించాలి.

3. సంపు, ముందు యాక్సిలు. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ముందు డిఫరెన్షియల్ ఇంజను కింద పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. షెడ్డులో నిలిపి ఉన్నప్పుడు సరిపోయిన ఎడం గుంతలో చక్రం ఎగిరినప్పుడు చాలదు. సంపుకు తగిలితే ఆయిలంతా దారిపాలే.

4. ప్రొపెల్లర్ షాఫ్ట్. గేరు పెట్టె ముందుకో వెనుకకో జరిగితే షాఫ్ట్ పొడవు మార్చాలి. రెండు చివరల యూనివర్సల్ జాయింట్లు ఒకే దిశలో అమరకుంటే వేగంలో వణుకు పుడుతుంది.

5. చల్లదనం, విద్యుత్తు. రేడియేటరు సామర్థ్యం చాలకుంటే ఘాట్ ఎక్కేటప్పుడే బయటపడుతుంది. డీజిల్ ఇంజనును తిప్పడానికి పెద్ద స్టార్టరూ, శక్తిమంతమైన బ్యాటరీ కావాలి.

6. యాక్సిల్ నిష్పత్తి. దీనిని చాలామంది మరుస్తారు. సీజే-3బి యాక్సిల్ నిష్పత్తి 5.38. ఆరు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల రిమ్ము గల టైరు ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. టాప్ గేరులో ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం గంటకు దాదాపు 98 కిలోమీటర్లు వస్తుంది. 3000 చుట్లకు మించి నడపదగని డీజిల్ ఇంజను అదే యాక్సిలుతో 74 కిలోమీటర్ల వద్దనే ఆగుతుంది. డ్రైవరు అంతకు మించి తరుముతూ పోతే కొత్త ఇంజను కూడా పాతదానివలెనే అరిగిపోతుంది. కొండదారికి ఈ వేగం చాలు. జాతీయ రహదారి మీద తిరిగేవారు యాక్సిల్ గేర్లను కూడా మార్చవలసి ఉంటుంది.

చట్టం ఏమంటున్నది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహన మార్పులకు సంబంధించినది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేటట్లు వాహనాన్ని మార్చరాదన్నది దీని సారాంశం. ఈ నిబంధనను 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా నొక్కి చెప్పింది. అదే సంవత్సరం చట్ట సవరణ ద్వారా వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. సీఎన్‌జీ, ఎల్పీజీ, విద్యుత్తు వంటి ఇంధనాలకు మారడానికి ఆమోదం పొందిన కిట్లకు మాత్రం నిర్ణీత నిబంధనల మేరకు వీలుంది.

కనుక అదే తయారీ, అదే రకం ఇంజనుకు రవాణా అధికారి ఆమోదం పొందడం వేరు, వేరే రకం ఇంజను తెచ్చి అమర్చడం వేరు. ఏది చేసినా ముందు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి, ఆ తరువాతనే పని మొదలుపెట్టడం క్షేమం. మార్చిన ఇంజను నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలోనికి ఎక్కకుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ అభ్యంతరం చెప్పడానికి అదొక్కటే చాలు. ఆ ప్రమాదంలో గాయపడినవారి పరిహారం భారం చివరకు యజమాని ఇంటిమీద పడవచ్చు.

సరిహద్దు దాటి కొనేవారికి

పొరుగు రాష్ట్రంలో పాత జీపు చౌకగా దొరికినప్పుడు అత్యాశ పనికిరాదు. డబ్బు చేతులు మారకముందే చూడవలసినవి: చాసిస్ మీదా, ఇంజను మీదా చెక్కిన నంబర్లు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోతున్నవా? ఇంధనం, సీసీ వివరాలు సరిపోతున్నవా? సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేళ్ళకొకసారి జరగవలసిన పునరుద్ధరణ జరిగినదా? పాత కార్యాలయం నుండి 28వ ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం వచ్చినదా? వాహనం మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉండబోతే అక్కడి కొత్త రిజిస్ట్రేషన్ గుర్తు తీసుకోవాలి, ఆ రాష్ట్రపు పన్నూ కట్టాలి.

పత్రాలు కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో ఉంటే చదవగలవారిచేత చదివించుకోవాలి. నంబర్లను మాత్రం కొనేవారే స్వయంగా పోల్చి చూసుకోవాలి. రంగు వేసిన ఇంజను మీద నంబరు కనబడకుంటే రంగు గీకించి చూడాలి. అందుకు అమ్మేవారు ఒప్పుకోనిచోట బేరం మానుకోవడమే ఉత్తమం.